పడుకున్న గీత

వైద్య పరిశోధనల శీర్షికల్లో ఏ పొడి అక్షరాల పేరు ఏ ఏడాది ఎంత వాడుకలో ఉందో కంప్యూటర్లో గీతలుగా గీయడం ఆ లైబ్రేరియన్ పని. రాత్రి ఖాళీ హాల్లో ఒక్కడే కూర్చుని గీస్తుంటే అతనికి ప్రాణం హాయిగా ఉంటుంది. అన్నిటిలోకీ ఇష్టమైన గీత, నేలకు అంటుకుని పడుకున్న ఒక మూడక్షరాల జబ్బుది. చిన్నప్పుడు తమ్ముణ్ణి తీసుకుపోయిన జబ్బు. చివరి రాత్రుల్లో నిద్రలో వాడి ఊపిరి సన్నగా ఈల వేసేది. ఇప్పుడు ఆ జబ్బు లేదు, దాని పేరూ ఎవరూ రాయరు. రోజూ ఆ గీతను ఒకసారి చూసుకుని గానీ అతను ఇంటికి బయలుదేరడు.

ఈ రాత్రి గీత చివర కొద్దిగా లేచి ఉంది. నొక్కి చూశాడు. శీర్షికలన్నిటి మీదా వచ్చే ఏడాది తేదీలే. ఏదో పొరపాటనుకుని చెరిపేశాడు. తెర మళ్ళీ వెలిగేసరికి గీత ఇంకాస్త లేచింది.

ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, ఆ గీతలతోనే కాపురమా? ఇల్లొకటుందని గుర్తుందా?"

ఆ గొంతు వినగానే సగం భయం పోయి, నవ్వొచ్చింది. "వస్తున్నాలే. పాపేంటి, ఇంకా పడుకోలేదా? ఈల వేస్తున్నట్టు వినిపిస్తోందే?"

"ఈలేమిటండీ? నా ఒళ్ళోనే నిద్రపోతోంది."