నానో చెయ్యి

బిజినేపల్లి సంతలో జగదీశ్, తన వెంట వచ్చిన దేవమ్మ కుడిచెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. రుమాలు అడ్డం పెట్టి మరీ పట్టుకున్నాడు.

"సూడుండ్రి! ఈ అక్క ఎడమచెయ్యి ఎట్లున్నది, కుడిచెయ్యి ఎట్లున్నది?"

ఎడమచెయ్యి నలుపు. కుడిచెయ్యి తెల్లగా, పైన పూసిన క్రీముతో లేత గులాబీగా మెరుస్తోంది. మణికట్టు దాటితే మాత్రం ఏమీ కనిపించదు. అంత ఎండలోనూ ఆమెది పొడుగు చేతుల రవికె.

"నానో క్రీము!"

"నానో అంటే గా కొత్తగొచ్చిన చిన్న కారు గాదా?" అంది ఉల్లిగడ్డలు కొనడానికొచ్చిన భాగ్యమ్మ.

"కారు గాదమ్మా. కండ్లకు ఆనని కణాలు. తోలు లోపటికి దూరి నలుపునంతా తింటయ్."

"పురుగుల లెక్కనా?"

వినడానికే రోతగా ఉంది. అయినా చుట్టూ జనం ఎగబడుతూనే ఉన్నారు.

"మరి ఒక్క చేతికే రాసుకున్నదేంది?" అన్నారెవరో గుంపులోంచి.

"అక్క ఒక్క డబ్బానే కొన్నది మరి!"

అందరూ నవ్వారు. దేవమ్మ తల వంచుకుంది. డబ్బాలన్నీ అమ్ముడుపోతే ఈ రాత్రి నుంచి ఇంట్లో పడుకోనిస్తానన్నాడు జగదీశ్. ఇన్నాళ్లూ ఆమె పడక అతని బర్రెల కొట్టంలోనే. పేడ కంపు, దోమలు, ఒంటి మీద పాకే గోమార్లు.

భాగ్యమ్మ ఆ తెల్లటి చేతిని తీసుకుని చెంపకు ఆనించుకుంది. "ఎంత నున్నగున్నది తల్లీ!"

దేవమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

పొద్దు వాలేసరికి డబ్బాలన్నీ అయిపోయాయి. జగదీశ్ రుమాలును మోరీలో పారేశాడు. బోరింగు దగ్గర మోచేతుల దాకా సబ్బు రుద్ది చేతులు కడుక్కున్నాడు. మళ్లీ రుద్దాడు, మళ్లీ కడిగాడు. ఛీ! ఇంతసేపూ ఆ చెయ్యి చూపించే కదా సంపాదించాడు! మిరపకాయ బజ్జీల పొట్లం ఆమె వైపు దూరం నుంచే విసిరాడు.

"అన్నీ పోయినయ్ గదా," అంది దేవమ్మ. "ఇయ్యాల ఇంట్లకు రానా?"

"రేపు తిమ్మాజిపేట సంతల గూడ పోనీ, సూస్త. జర దూరం జరుగు."

దేవమ్మ మెడలో పుస్తె కట్టిందీ, కుడిచేతికి బొల్లి పుట్టగానే ఆమెను కొట్టంలోకి నెట్టిందీ, సబ్బుతో అంతగా కడుక్కున్న ఆ చేతులే.