రిబ్బను గులాబీలు

“ఒక్క గులాబీ కుట్టి చూపిస్తావా అమ్మా?”

తాడేపల్లిగూడెంలోని ఆ హాలుకు పెళ్లిచూపులకని వచ్చిన పెళ్లికొడుకు తల్లి బాలసరస్వతి పెళ్లికూతురిని అడిగింది. టీపాయ్ గుడ్డ మీది రిబ్బను గులాబీలన్నీ తన కూతురు తేజశ్రీ చేతిపనేనని సుభద్ర అప్పటికే ప్రకటించి ఉంది.

“ఇప్పుడెందుకండీ, కాఫీ చల్లారిపోతుంది,” అంది సుభద్ర.

“చల్లారిందే తాగుతానండీ.”

సుభద్ర కోడలు వాసంతి లోపలి నుంచి సూదీ, రిబ్బనూ తెచ్చి ఆడపడుచు చేతిలో పెట్టింది. అవి తెచ్చివ్వడం కూడా ఆమె పనే.

తేజశ్రీ రిబ్బనును సూదిలోకి ఎక్కించలేక రెండూ పక్కన పెట్టేసింది.

“ఇవి మా వదిన కుట్టినవండీ. నాకు బొత్తాం కుట్టడం కూడా రాదు.”

“సంబంధం చెడగొట్టుకుంటావా?” అంది సుభద్ర, అతిథికి వినబడేంత నెమ్మదిగా.

బాలసరస్వతి గుడ్డను తిరగేసి, ముడి ఒక్కటీ కనబడని వెనకవైపును చాలాసేపు చూసింది.

“నా పెళ్లిచూపుల్లోనూ ఇలాంటి గుడ్డే పరిచారు. నన్నెవరూ కుట్టి చూపించమనలేదు.”

“అడిగి ఉంటే ఏమనేవారండీ?” అంది తేజశ్రీ.

“నీలా చెప్పగలిగేదాన్ని కాదమ్మా.” ఆమె సుభద్ర కోడలి వైపు తిరిగింది. “నీ పేరేమిటమ్మా?”

“వాసంతి అండీ.”

“ముహూర్తం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు నువ్వు కూర్చో. మా వదిన ఆ రోజంతా వంటింట్లోనే నిలబడింది.”

వాసంతి అత్తగారి ముఖం చూడకుండానే కూర్చుంది.

చదువుతున్న మీరు, మీ పెళ్లిచూపుల్లో మీదని చూపించిన కుట్టు ఎవరిదో, ఆమె పేరు ఇంట్లో అందరి ముందూ ఇప్పుడే చెప్పండి.