ఆగమ్మా

"ఆగమ్మా!"

చెప్పు పట్టీ సరిచేసుకోవడానికి కాలిబాట పక్కన రాయిమీద కూర్చున్న ఆమె తలెత్తి చూసింది. పైన రెండు మలుపుల అవతల ఒక మగమనిషి పరుగున దిగి వస్తున్నాడు. ముక్కూ నోరూ కనబడకుండా మొహానికి గుడ్డ చుట్టుకున్నాడు. చేతిలో గొడ్డలి ఉంది.

పట్టీ సంగతి పట్టీకే వదిలేసి ఆమె కాళ్లకు బుద్ధి చెప్పింది.

కొండమీద రోప్‌వే టికెట్లు అమ్మడం ఆమె ఉద్యోగం. రోజూ ఆ రోప్‌వేలోనే పది నిమిషాల్లో కిందికి దిగేది. ఈ మధ్యాహ్నం మోటారు చెడిపోయింది. టికెట్లు కొన్నవాళ్లందరినీ వ్యానులో ఎక్కించారు, టికెట్లు అమ్మిన మనిషికి మాత్రం చోటు లేకపోయింది. అడవి బాట పట్టుకుంటే ముప్పావుగంటలో ఊళ్లో ఉంటావని మేనేజరు ధైర్యం చెప్పాడు. చెప్పేవాడికేం, ఆయన అప్పటికే వ్యానులో ముందు సీట్లో కూర్చున్నాడు.

బాట నిట్టనిలువుగా ఉంది. ఎండుటాకుల కింద గులకరాళ్లు కాలు పెడితే జారుతున్నాయి. చెట్ల సందుల్లోంచి మేడలు, రోడ్లు, రోడ్లమీద బస్సులు కనిపిస్తున్నాయి. అన్ని లక్షలమంది కళ్లెదుటే ఉన్నారు, అరిస్తే పలికేవాడు ఒక్కడూ లేడు. పైగా కిందినుంచి హోరున ఎదురుగాలి. వెనకవాడి కేకలు సగం ఆ గాలికే కొట్టుకుపోతున్నాయి.

దిగుతూనే భర్తకు ఫోన్ చేసింది. ఎవడో గొడ్డలి పట్టుకుని వెంటపడుతున్నాడని రొప్పుతూ చెప్పింది.

"నిన్ను ఎత్తుకెళ్లినవాడు గంటలో తిరిగి తెచ్చి దిగబెడతాడులే" అన్నాడు అతను. ఆ మనిషి హాస్యానికి వేళాపాళా ఉండదు.

"నిజమండీ. వీడు నన్ను చంపేస్తాడు."

ఆ గొంతు వినేసరికి అతనికి విషయం ఎక్కింది. స్కూటర్ తీస్తున్నానని, పావుగంటలో అక్కడుంటానని చెప్పాడు. "కింద అటవీశాఖవాళ్ల గేటుంటుంది కదా. గొలుసుకు తాళం వేలాడుతూ ఉంటుంది. నువ్వు దాటగానే నొక్కేసెయ్. ఏమైనా సరే, వాణ్ణి మాత్రం ఇవతలికి రానివ్వకు."

డొక్కలో నొప్పి పొడుచుకొచ్చి ఒక చెట్టును పట్టుకుని నిలబడిందో లేదో, మళ్లీ అదే కేక. "ఆగమ్మా!" ఈసారి ఒకే మలుపు దూరం. తను కాస్త నిలబడితే చాలు, వాడికి ఎక్కడలేని హుషారు వస్తున్నట్టుంది. ఆమె చెట్టును వదిలేసింది.

సంచీ కోసమేమో అనుకుంది. భుజానున్న సంచీలో ఫోన్ పడేసి, సంచీని బాట మధ్యలోకి విసిరేసింది. తీసుకుని పోతే పోనీ, దరిద్రం వదులుతుంది. పది అడుగులు దిగి వెనక్కి చూసింది. వాడు సంచీవైపు కన్నెత్తి కూడా చూడలేదు, దానిమీంచి దూకి వస్తున్నాడు. సంచీ అక్కర్లేనివాడికి ఇంకేం కావాలో ఆమెకు అర్థమైంది. పైప్రాణాలు పైనే పోయాయి.

ఇంతలో కుడిపక్క పొదల్లో కొమ్మలు విరుగుతున్న చప్పుడైంది. ఎవరో బాట వదిలేసి అడ్డంగా దిగి వస్తున్నారు. అంటే వీడొక్కడు కాదు, తోడు కూడా ఉన్నాడన్నమాట. వెనక వీడు తరుముతాడు, ముందు వాడు కాపు కాస్తాడు. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడవడానికి ఊపిరి చాల్లేదు.

సర్రుమని ఒక రాయి ఆమె చెవి పక్కనుంచి దూసుకుపోయి ఆ పొదలో పడింది. తలకు గురిపెడితే తప్పిందనుకుంది. రెండో రాయి కూడా అదే పొదలో పడింది. దేవుడా, దేవుడా అనుకుంటూ దిగింది. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. రెండుచోట్ల పడింది, మోచెయ్యి గీరుకుపోయింది, లేచింది. వెనక ఆ కేక ఆగలేదు.

చివరి మలుపు తిరగగానే గేటు కనిపించింది. నిలువెత్తు ఇనుప గేటు, పైన బల్లెపు మొనలు, రెండు పక్కలా ముళ్లకంచె. ఆమె అవతలికి దూరి, గేటు లాగి, గొలుసు చుట్టి, రెండు చేతులతో తాళం నొక్కింది. టక్కుమని పడింది. వాచ్‌మన్ కుర్చీ ఖాళీగా ఉంది. ఇంక ఒక్క అడుగు కూడా వెయ్యలేక ఆమె అక్కడే మట్టిలో కూలబడింది.

వాడు వచ్చి గేటుకు గుద్దుకున్నాడు. చువ్వలు పట్టుకుని ఒక్కసారి ఊపాడు. తాళం చూశాడు. తర్వాత ఆమెను చూశాడు.

"తాళంచెవి నా దగ్గర లేదు" అంది ఆమె. ఆ మాట అన్నాక కొంచెం ధైర్యం వచ్చింది. "మావారు వస్తున్నారు. నువ్వెలా ఇవతలికి వస్తావో చూస్తాను."

వాడు వెనక్కి తిరిగి, గేటుకు వీపు ఆనించి, రెండు చేతులతో గొడ్డలి ఎత్తి పట్టుకున్నాడు. కుడిపక్క పొదలు మళ్లీ కదిలాయి. వాడు మొహానికున్న గుడ్డను భుజంతో కిందికి తోసి, ఇంతసేపూ గాలికి పోయిన అక్షరం కూడా స్పష్టంగా వినబడేలా అరిచాడు.

"ఆగకమ్మా, ఆగకు! ఎలుగుబంటి!"