నూటికొక్కరు

తొమ్మిదో మనిషి కూడా బుట్టలోంచి ఏరి ఏరి చిన్న పండే తీసుకునేసరికి మామిడి వ్యాపారి లక్ష్మీనారాయణకి ఒళ్లు మండిపోయింది.

"సరే పోతురాజూ, వెళ్లి అరుగు మీద కూర్చో. కబురు చెబుతాను," అని పంపేసి భార్య వైపు తిరిగాడు. "సుభద్రా, మన పరీక్ష సంగతి ఎవరితోనైనా అన్నావా?"

"నాకేం పనండీ? పొద్దస్తమానం ఇంట్లో ఆ లెక్క అప్పజెప్పేది మీరే."

మొన్న జనాభా లెక్కలవాళ్లు వచ్చి ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు అని రాసుకుపోయారు గానీ, నూజివీడులో ఎలాంటి మనుషులు ఎందరున్నారో రాసుకోలేదు. ఆ లెక్క లక్ష్మీనారాయణ దగ్గరుంది. ఇరవై ఏళ్లు పళ్లమ్మి కట్టిన లెక్క. బుట్ట ముందు పెట్టి ఒకటి తీసుకోమంటే నూటికి డెబ్భైమంది అన్నిట్లోకీ పెద్దది తీస్తారు, ఆశపోతులు. ఇరవైమంది ఏది తీసుకోమంటారని మననే అడుగుతారు, వాళ్లకి సొంత బుర్ర లేదు. తొమ్మిదిమంది వద్దు వద్దంటూనే బుట్టకేసి చూస్తారు, వాళ్లని అసలు నమ్మకూడదు. చిన్నది తీసుకునేవాడు నూటికొక్కడు. తోట కాపలాకి వాడే కావాలి.

పోయినేడు కాపలావాడే సగం కాపు మైలవరం దాటించేశాడు. ఈ ఏడు కూడా చాట్రాయి తోట అలాగే పోతే కొట్టు మూసుకోవాల్సిందే. ఆ బెంగతో ఆయనకి వారం నుంచి అన్నం సయించడం లేదు. నూటికొక్కడు ఉండాల్సినచోట తొమ్మిదికి తొమ్మిదిమందీ మహాత్ములైతే ఎవర్ని నమ్మడం?

పదో మనిషి లోపలికొచ్చింది. ఆ ఇంట్లో అంట్లు తోమే దుర్గ.

"నువ్వా?"

"నేనూ మా ఆయనా తోటలోనే గుడిసేసుకుని కనిపెట్టుకుంటామండీ."

"ముందు పండు తీసుకో."

దుర్గ తటపటాయించలేదు. బుట్టలో అన్నిటికన్నా పెద్ద బంగినపల్లి తీసి, కొంగుతో తుడిచి అక్కడే కొరికింది.

"అదే ఎందుకు తీసుకున్నావు?"

"పెద్దది కదండీ. ఆకలేస్తోంది."

లక్ష్మీనారాయణకి ప్రాణం లేచొచ్చింది. చిన్న పండు పట్టుకెళ్లినవాళ్లంతా నటించారు. దీనికి నటించడం రాదు. పరీక్ష సంగతి తెలిసుంటే ఇదీ చిన్నదే తీసేది కదా. నూటికొక్కరంటే ఇదిగో, ఇన్నాళ్లూ ఇంట్లోనే పెట్టుకుని ఊరంతా వెతికాడు.

"కాపలా నీదే. నా మాటకి తిరుగులేదు," అంటూ బ్యాటరీ లైటూ కర్రా చేతికిచ్చాడు. దుర్గ దణ్ణం పెట్టి బయటికెళ్లింది.

ఆయన మీసం దువ్వుకుంటూ, "చూశావా సుభద్రా, మనుషుల్ని అంచనా కట్టడమంటే..." అనబోయాడు. అంతలో అరుగు మీంచి పోతురాజు గొంతు వినిపించింది.

"చిన్న పండు తీసుకున్నోళ్లకే పనిస్తారని మా తొమ్మిదిమందికీ ఇంటింటికీ వచ్చి చెప్పావు, మరి నువ్వేంటే దుర్గా, పెద్దది తింటున్నావు?"