కోడలి సీసా

"ఈ మాత్రలు వారం రోజులు వాడాలి" అంటూ డాక్టర్ ఝాన్సీలక్ష్మి చీటీని అర్చనకి ఇవ్వబోయింది.

పక్కనున్న అత్త దాలమ్మ మధ్యలోనే దాన్ని లాక్కుంది. "మాత్రలెందుకమ్మా? మా కోడలు గుంట నిక్షేపంలాగున్నాది కదా."

"పోయినవారం మీరు తెచ్చిన మూత్రం సీసాలో చెడ్డ సూక్ష్మజీవులు కనబడ్డాయి. ఊరుకుంటే నెలలు నిండకుండానే కాన్పు రావచ్చు."

అర్చన ఆరో నెల కడుపు మీద చెయ్యి వేసుకుని బిక్కమొహం పెట్టింది. రాజాం సంతలో ఎవరికీ తగ్గని దాలమ్మ గొంతు ఇక్కడ సగానికి పడిపోయింది.

"ఈ మాత్రల్తో బిడ్డకి ఏటీ అవదు కదమ్మా?"

"బిడ్డకి ప్రమాదం లేదు. కానీ ఇవి చెడ్డవాటితో పాటు మంచి సూక్ష్మజీవుల్నీ చంపుతాయి. ఆ మంచివి కాన్పులో తల్లి నుంచి బిడ్డకి చేరి పొట్టని కాపాడతాయి. అందుకే ఊరికే రాయను. ఇప్పుడు తప్పదు."

తప్పుతుందని దాలమ్మ ఒక్కదానికే తెలుసు. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే, పుట్టబోయే మనవడికో మనవరాలికో తల్లి ఇవ్వాల్సిన మంచి కాస్తా పోతుంది. చీటీని నలిపి నలిపి ఉండ చేసింది. పరువే ఓడిపోయింది.

"ఆ సీసాలోది కోడలిది కాదమ్మా. నాది."

"అదేటత్తా? నానిచ్చింది ఏటి సేసినావు?" అంది అర్చన.

"పారబోసీసినాను. కడుపుతో ఉన్న పిల్ల ఒంట్లోది పైవోళ్ళ సేతికిస్తే ఎవలైనా సిల్లంగి పెట్టి సేతబడి సేస్తారని బయమేసినాదే. అందుకే నాది పట్టి ఇచ్చీసినాను."

అర్చన అత్త భుజం మీద వాలిపోయి ఒకటే నవ్వు. డాక్టరు మాత్రం గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టి, అర్చన చేత మళ్ళీ సీసా పట్టించి అప్పటికప్పుడు చూసింది. అందులో ఏ చెడూ లేదు.

దాలమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కోడలి బుగ్గలు పుణికి, చెయ్యి పట్టుకుని లేపింది.

"ఎల్లొస్తాం అమ్మా."

"మీరు కూర్చోండి. ఆ మాత్రలు మీకు కావాలి."

"నలబై దాటినదాన్ని, నాకేటవుద్ది?"

డాక్టరు నవ్వాపుకుంటూ ఇంకో చీటీ తీసుకుంది.

"సీసా గర్భిణిదేనని తేలాకే మా ల్యాబులో మిగతా పరీక్షలు చేస్తారు దాలమ్మగారూ. మీ కోడలికి మరిదో, ఆడపడుచో రాబోతోంది."