ప్రదక్షిణలో కూర్చోరు

బాణం గుర్తు కుడివైపు చూపిస్తుంటే సదాశివగారు ఎడమవైపు తిరిగారు.

“బాపూ, తోవ ఇటు,” అంది కూతురు మేధ.

“గుట్ట కుడిచేతికి ఉండాలె బిడ్డా. అట్ల పోతే అప్రదక్షిణమైతది.”

“గుట్ట మీద గుడే లేదు కద.”

“గుట్టనే దేవుడనుకో. నీ సొమ్మేం పోయింది?”

ఆయన భార్య సూర్యప్రభ వదిలెయ్యమని కూతురికి సైగ చేసింది. పెళ్లయిన నాటి నుంచీ ఇంట్లో గెలవని మనిషి అడవిలో గెలుస్తుందా? నీళ్ల సీసా పట్టుకుని వెనకాలే నడిచింది.

శ్రీశైలం రోడ్డు పక్కన అడవి అది. వాగు ఒడ్డున మొదలైన కాలిబాట గుట్టను చుట్టి మళ్లీ మొదటికే వస్తుంది. వానలకు వాగు నిండుగా పారుతోంది.

పాతబస్తీలో తాతల నాటి నుంచీ గుడి సేవ వాళ్లది. ఉత్సవం నాడు దేవుణ్ణి గుండెకు హత్తుకుని గుడి చుట్టూ తిరగడం సదాశివగారి వంతు. మొన్న ఎండాకాలంలో ఆ గుండెకే ఆపరేషన్ అయింది.

“నడవండి. ఆయాసం వస్తే మాత్రం ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోవాలి. లేకుంటే ప్రాణం మీదికొస్తుంది,” అన్నాడు డాక్టరు.

ఈ గుట్ట చుట్టి వస్తే ఉత్సవానికి పనికొస్తానని ఆయన ఆశ. అసలు చుట్టి వస్తారా అని ఆవిడ భయం.

వాగు మలుపు దాటేసరికి ఆయన ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

“జర కూసోండి,” అంది సూర్యప్రభ.

“ప్రదక్షిణ నడుమ కూసుంటరా ఎవరన్న?”

“డాక్టర్ చెప్పిండు కద బాపూ.”

“ఆయనకేం ఎరుక ప్రదక్షిణ సంగతి?”

మాట పూర్తయ్యేలోపే మళ్లీ ఆయాసం. చెట్టు పట్టుకుని నిలబడ్డారు కానీ కూర్చోలేదు. సూర్యప్రభ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడే బాణం గుర్తు దారిన ఎదురుగా ఒకాయన వచ్చాడు. లుంగీ, పొడుగు చేతుల చొక్కా, నెరిసిన గడ్డం. మనిషి గోడలా ఉన్నాడు. ముగ్గురినీ ఒకసారి చూసి దాటిపోయాడు.

కాస్త దూరం పోయి ఆగాడు. కుంటుకుంటూ వెనక్కి వచ్చాడు.

“పంతులుగారూ, మోకాలు పట్టేసింది. నా పక్కన జర కూసుంటరా?”

“ప్రదక్షిణల ఉన్నం భాయ్. కూసోవద్దు.”

“మీకు వద్దు, నాకు తోడు కావాలె గద. ఈడ పాములుంటయంట. ఒక్కణ్ణే కూసోవాలంటే డర్ అయితది.”

అంటూనే బండ మీద ఆకులు తుడిచి చోటు చేశాడు.

సదాశివగారు ఇరకాటంలో పడ్డారు. అటు దేవుడు, ఇటు మనిషి.

“ఆపదల ఉన్నోణ్ణి ఇడిశిపోతే ప్రదక్షిణ ఫలం ఏడుంటది,” అని తనకు తానే చెప్పుకుని కూర్చున్నారు.

కూర్చోగానే ఊపిరి మెల్లమెల్లగా దారికొచ్చింది. సూర్యప్రభ సీసా మూత తీసి అందించింది.

“ఏ మొహల్లా నీది?” అన్నారు నీళ్లు తాగి.

“బార్కస్.”

“గింత మనిషివి, గింత నాజూకేంది?”

“ఏం జేస్తం పంతులుగారూ. పైన పటారం, లోన లొటారం.”

ఇద్దరూ నవ్వుకున్నారు. లేచేటప్పుడు సదాశివగారే చెయ్యిచ్చి లేపారు.

“అటు ఒక్కణ్ణే పోలేను. మీ ఎంబడే వస్తా,” అని ఆయన వెనక్కి తిరిగాడు.

అప్పటి నుంచి ఎత్తు వచ్చిన చోటల్లా ఆయన మోకాలు పట్టేయడమే. బండ కనిపిస్తే చాలు, చతికిలబడి పక్కన చోటు చూపించేవాడు.

“నడవ శాతగానోడు అడవికెందుకొచ్చిండమ్మా? ఈయనతోని పొద్దు గూకుతది,” అని గొణిగింది మేధ.

“ఊకో, ఇంటడు.”

విన్నాడో లేదో గానీ, ఆయన వాగు వైపు చూస్తూ గడ్డం సవరించుకున్నాడు.

సదాశివగారికి మాత్రం మంచి శ్రోత దొరికాడు. ఒక బండ మీద గుడి ముచ్చట్లు, ఇంకో బండ మీద మోకాళ్ల వైద్యం.

“ఆముదం రాసి కాపడం పెట్టు. బద్ధకం చేయకు.”

“జీ. ఇంటికి పోంగనే పెడతా.”

“రోజు ఇంత నడువు. కూసుంటే ఇట్లనే బిగుసుకపోతయి కాళ్లు.”

“జీ, మీ అసొంటోళ్లు చెప్తే వినాలె.”

అలా కూర్చుంటూ, లేస్తూ, గుట్ట మొత్తం కుడిచేతి వైపే ఉంచుకుని వాగు ఒడ్డుకు తిరిగొచ్చారు.

“మీరు లేకుంటే ఆడనే పడి ఉందును,” అన్నాడాయన చేతులు జోడించి.

“మల్లొచ్చేటప్పుడు ఇంట్లోళ్లను తోడు తెచ్చుకో,” అన్నారు సదాశివగారు భుజం తట్టి.

కారు దగ్గరికి వచ్చేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది.

“డాక్టర్‌కు చెప్పు బిడ్డా. నేను నడుసుడే కాదు, ఇంకొకాయన్ని నడిపిచ్చిన.”

సూర్యప్రభ ఆ గుట్టకు దండం పెట్టుకుంది. ఉత్సవం సంగతి దేవుడెరుగు, ఇంటికైతే మనిషి దక్కాడు.

కారెక్కబోతూ ఆయన ఆగిపోయారు.

“పాపం, గా కాళ్లతోని బస్సెట్ల ఎక్కుతడు? బార్కస్ మన తోవలనే గద. పోయి తోలుకరా బిడ్డా.”

“పేరన్న అడగలే, ఏమని పిలువాలె?” అని విసుక్కుంటూనే మేధ వాగు దగ్గరికి వెనక్కి నడిచింది.

ఒడ్డున ఎవరూ లేరు. గుట్ట మీదినుంచి దబదబా అడుగుల చప్పుడు వినిపించి తలెత్తి చూసింది.

నిట్టనిలువు బాటలో లుంగీ ఎగగట్టి ముందు పరుగెత్తుతున్నది ఆయనే; వెనక రొప్పుతూ, “ఉస్తాద్, జర ఆగుండ్రి,” అని బతిమాలుతున్నది ఆయన దగ్గర కుస్తీ నేర్చుకునే పడుచు పహిల్వాన్లు.