నీడలో సగం వాటా

1961 అక్టోబరు పదిహేడు. మధ్యాహ్నం కోర్టు ఎదుటి హోటల్లో ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె తిని, గ్లాసెడు మజ్జిగ తాగి వచ్చిన వీలర్ చివరి బెంచీ మీద కునుకు ఆపుకుంటూ కూర్చున్నాడు. ముందు వరసలోంచి ఆర్లీనా కేక వేసింది.

"ఆ చెట్టు నాది! మా తాత నాటాడు!"

"మీ తాత నాటితే మా తాత నీళ్ళు పోశాడు పెద్దమ్మా," అన్నాడు పక్కింటి హోబర్ట్.

"మీ తాత పోసింది నీళ్ళు కాదురా. నన్ను అడక్కు!"

గదంతా నవ్వింది. జడ్జి టాలివర్ గారు బల్ల మీద సుత్తితో ఒక్కసారి కొట్టారు.

కెంటకీ కొండల్లో మూడు కౌంటీలకు ఆయన ఒక్కరే సర్క్యూట్ జడ్జి. ఏడాదికి రెండుసార్లు కారులో పుస్తకాలు వేసుకుని ఈ ఊరు వచ్చి, కోర్టు నడిపి పోతారు. ఈ రాకపోకలు అవసరమా అని తేల్చడానికే వీలర్ రాష్ట్ర రాజధాని నుంచి వచ్చాడు. నడుస్తున్న వ్యాజ్యం ఒక్కటి కూడా లేకపోతే ఈ కౌంటీకి ఇక కోర్టు ఉండదు. ఇక్కడివాళ్ళు న్యాయం కోసం కొండ దాటి నలభై మైళ్ళు పోవాలి. ఇవాళ జాబితాలో ఉన్నది ఒక్కటే, ఈ అక్రోటు చెట్టు గొడవ. అది కాస్తా రాజీ అయితే వీలర్ పని సులువు. ఆ సంగతి పొద్దున్నే జడ్జిగారి గదిలో చెప్పాడు.

"రాజీ పడతారా అని అడగడం నా విధి. అడుగుతాను," అన్నారాయన.

అడిగారు కూడా.

"కాయలు చెరిసగం పంచుకోకూడదా?"

హోబర్ట్ టోపీని చేతుల్లో తిప్పాడు. "సగమంటే... ఆలోచించాల్సిందే."

వీలర్ నిటారుగా కూర్చున్నాడు.

"కాయలు సరే, నీడ మాటేమిటి?" అంది ఆర్లీనా.

వీలర్ ఉండబట్టలేక లేచాడు. "నీడ కూడా సగం సగం అనుకోండమ్మా."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఎనభై ఏళ్ళ మనిషి, నడుం మాత్రం వంగలేదు. "ఎవరు బాబూ నువ్వు?"

"రాజధాని నుంచి వచ్చాను."

"అక్కడ నీడలు కూడా పంచిపెడతారా? పొద్దుటి నీడ వాడి దొడ్లో పడుతుంది, సాయంత్రం నీడ నా దొడ్లో. నాకు పొద్దుటిది కావాలి."

"చచ్చినా ఇవ్వను," అని హోబర్ట్ టోపీని బల్లకేసి కొట్టాడు. "పొద్దుటి నీడలో మా ఆవు పడుకుంటుంది."

"విన్నారా జడ్జిగారూ? వీడి ఆవు పాటి చెయ్యనా నేను?"

"ఆర్లీనా గారూ, ఓడినవాళ్ళ మీద ఖర్చులు పడతాయి. ఆలోచించుకోండి."

"మీరు కాదంటే మన రాజధానిలో పైకోర్టుకు, ఫ్రాంక్‌ఫర్ట్ పోతా. వాళ్ళూ కాదంటే సిన్సినాటిలో పెద్ద సర్క్యూట్ కోర్టు ఉందిగా, అక్కడికి పోతా!"

"అది ఫెడరల్ వాళ్ళది. పేరు ఒకటే, దారులు వేరు. ఇక్కడ మేం సాక్షుల్ని విని తీర్పు చెప్తాం. అక్కడ సాక్షులుండరు, కింది ఫెడరల్ కోర్టుల తీర్పుల మీద అప్పీళ్ళు వింటారు. ఆ చెట్టు ఈ రాష్ట్రం మట్టిలో పుట్టింది, మీరిద్దరూ ఈ రాష్ట్రం వాళ్ళే. మీ గొడవ ఆ గడప తొక్కదు."

"అయితే నది దాటి ఒహైయోలో కాపురం పెడతా. వేరే రాష్ట్రం దాన్నైతే ఫెడరల్ వాళ్ళు వినక చస్తారా?"

"పెట్టు పెద్దమ్మా. సామాను నేను మోసుకొస్తా," అన్నాడు హోబర్ట్.

"నీ చేత మోయిస్తే సగం గిన్నెలు దారిలోనే తగ్గుతాయి."

"ఒక్క చెట్టు కోసం ఇంత పంతమా?" అన్నాడు వీలర్.

ఆర్లీనా ముఖంలో పరాచికం పోయింది.

"మా ఆయన గనిలో పోయినప్పుడు కంపెనీ ముగ్గురు లాయర్లను పంపింది. నేను కాలినడకన వచ్చి ఇదిగో, ఇక్కడే నిలబడ్డా. రాజీ పడమని అప్పుడూ చెప్పారు బాబూ, నీలాగే మంచి కోటు వేసుకుని. పడలేదు. గెలిచా. ఇప్పుడూ పడను. రాసుకో!"

ఎవరూ నవ్వలేదు. కోర్టు గుమాస్తా హెస్టర్ ఆర్లీనా కుర్చీని గది మూల చలి కాచుకునే పొయ్యి దగ్గరికి జరిపింది.

జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "రాజీ కుదరలేదు. హద్దు కొలతలు లేనిదే తీర్పు చెప్పలేను. సర్వేయరు మోకాలు నొప్పితో మంచం దిగడం లేదట. వ్యాజ్యం ఏప్రిల్‌కు వాయిదా."

వీలర్ తన కాగితం మీద 'నడుస్తున్న వ్యాజ్యాలు: ఒకటి' అని రాసి, కింద సంతకం పెట్టాడు. ఇంకో ఏడాది కోర్టు ఇక్కడే.

జనం వెళ్ళిపోయాక కోటు తగిలించుకుంటూ, "పోతూ పోతూ ఆ చెట్టును ఒకసారి చూసి పోతాను," అన్నాడు. "నన్ను ఓడించింది ఎలా ఉంటుందో."

"వాగు దాటాలి. యాభై ఏడులో వచ్చిన వరదకు పోయిన వంతెన ఇంకా కట్టలేదు. పొద్దు వాలుతోంది, మీరు కొండ దిగాలి," అన్నారు జడ్జిగారు.

"వీళ్ళతో మీకు విసుగు రాదా?"

"విసుగొస్తే ఇంతదూరం ఎందుకొస్తాను?" అన్నారాయన.

వీలర్ కారు మలుపు తిరిగేదాకా ఆయన మెట్ల మీదే నిలబడ్డారు. తర్వాత లోపలికి వెళ్ళి దీపాలు ఆర్పి, బయటికి వచ్చి, కోర్టు తలుపు చప్పుడు కాకుండా మూశారు.

నాలుగేళ్ళ కిందట వరదకే కూలిన ఆ అక్రోటు చెట్టును రంపం పట్టి కోసింది ఆయనే.